పద్నాలుగో స్క్రూ

ఆయన అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆయన నిదానం. పాతికేళ్లు రేడియోలు బాగుచేశాడు. రేడియోలు మూలపడ్డాక అదే బల్ల దగ్గర కూర్చుని, నెరిసిన తలతో లాప్‌టాప్‌ల పని నేర్చుకున్నాడు. ఆయన చేతికిచ్చిన వస్తువు ఆలస్యంగా తిరిగొస్తుంది గానీ, మళ్లీ ఆ గడప తొక్కదు. పక్కన జిరాక్సు కొట్టు నడిపే పిన్ని మాత్రం, "మిమ్మల్ని చూస్తే నత్తకి కూడా విసుగొస్తుందండీ" అని రోజుకోసారైనా అనేది. అంటూనే ఆయన మంచినీళ్ల సీసా తీసుకెళ్లి నింపి తెచ్చేది.

ఏ యంత్రం విప్పబోయినా ఆయన ఒక్క క్షణం కళ్లు మూసుకుంటాడు. "వేలు వణక్కుండా చూడు తండ్రీ" అనుకుంటాడు. తర్వాత ఓ తెల్లకాగితం మీద ఆ యంత్రం ఆకారం గీసి, విప్పిన ఒక్కో స్క్రూని అది ఉన్నచోటే కాగితం మీద పెడతాడు. పని అయ్యేసరికి కాగితం ఖాళీ కావాలి. కాకపోతే యంత్రాన్ని వెలిగించే మీట నొక్కడు.

ఆ పట్టుదల ఊరికే రాలేదు. కొత్తలో ఒకసారి ఓ స్క్రూ కనబడకపోతే, డబ్బాలోంచి అలాంటిదే ఇంకోటి తీసి బిగించేశాడు. తప్పిపోయిన స్క్రూ లోపల బోర్డు మీదే ఉంది. మీట నొక్కగానే చిటుక్కుమంది. ఓ పెద్దాయన ఏళ్ల తరబడి అందులో రాసుకున్నదంతా పొగైపోయింది. ఆ పెద్దాయన తిట్టి ఉంటే బాగుండేది. "పోనీలే నాయనా, కావాలని చేశావా" అని భుజం తట్టి వెళ్లాడు. ఆ మర్నాటి నుంచే నిదానం బల్ల మీదికి తెల్లకాగితం వచ్చింది.

ఆ మధ్యాహ్నం రెండు గంటలకి ఒక టైలరమ్మ దుప్పటిలో చంటిపిల్లని చుట్టినట్టు లాప్‌టాప్‌ని చుట్టుకుని వచ్చింది. మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది.

"అన్నయ్యా, మా అమ్మాయిది. కుట్టు బల్ల మీద బట్టల కింద ఉందని చూసుకోలేదు. గుడ్డ పట్టుకుని లాగితే ఇది కింద పడింది."

ఆయన మూత తెరిచాడు. స్క్రీను నడుమ గుండ్రటి మచ్చ, దాని చుట్టూ సాలెగూడులా పగుళ్లు. యంత్రం లోపల ఫ్యాను మాత్రం సన్నగా తిరుగుతూనే ఉంది.

"ఉత్తినే పడితే మూల పగులుతుందమ్మా, నడిమికి పగలదు. మూత వేసినప్పుడు మధ్యలో ఏదన్నా ఉండిపోయిందా?"

టైలరమ్మ తల వంచుకుని గుప్పిట తెరిచింది. అరచేతిలో ఓ పెద్ద కోటు గుండీ. "పొద్దున రంగు సరిపోల్చుకోడానికి, తెరిచి ఉన్న దీని మీద పెట్టుకున్నాను. గుండీ మీదే మూత వేసేశాను కాబోలు."

"అదీ సంగతి. ప్రాణం నిక్షేపంగా ఉందిలే, అద్దమే పోయింది."

"మూణ్ణెల్ల నుంచి మా అమ్మాయి రాసిందంతా ఇందులోనే ఉందన్నయ్యా. సాయంత్రం ఆరింటిలోగా కాలేజీకి పంపకపోతే ఏడాది పోతుందట. పిల్ల అయిదింటికి ఇంటికొస్తుంది. దానికి ఇంకా చెప్పలేదు. చెప్పడానికి నోరు రావట్లేదు."

నిదానం అటక మీది పెట్టెలు వెతికాడు. సరిగ్గా అదే రకం పాత యంత్రం ఒకటి దొరికింది. బోర్డు పోయినా స్క్రీను బాగుంది. "దేవుడు ఎవరి కోసం దాచిపెట్టాడో అనుకున్నాను. నీకోసమేనమ్మా. అయిదింటికి ఇస్తాను, కూర్చో."

కళ్లు మూసుకున్నాడు. కాగితం గీశాడు. అడుగు పలక విప్పి ముందు బ్యాటరీ తీగ ఊడదీశాడు. అడుగున పది స్క్రూలు, స్క్రీనుని పట్టుకునేవి నాలుగు, మొత్తం పద్నాలుగు. పగిలిన స్క్రీను తీసి, పాత యంత్రం నుంచి తీసినదానికి రిబ్బనులాంటి పలచటి తీగ తగిలించాడు. ఇక బిగించబోతే, కాగితం మీద పదమూడే ఉన్నాయి. స్క్రీను స్క్రూల్లో ఒకటి లేదు. ఆవగింజ కంటే కాస్త పెద్దది, అంతే.

అప్పటికి టైము నాలుగూ పది.

యంత్రాన్ని తిరగేసి మెల్లగా తట్టాడు. టార్చి వేసి సందుసందునా చూశాడు. బల్ల కింద పాకాడు. జిరాక్సు పిన్ని కూడా చీపురుతో వచ్చి నేలంతా ఊడ్చి, చెత్తని తెల్లకాగితం మీద పోసి వెతికింది. లేదు.

"అలాంటిది ఇంకోటి లేదా మీ దగ్గర?" అంది పిన్ని.

"డబ్బా నిండా ఉన్నాయి."

"మరి పెట్టేయండి! ఏ స్క్రూ అయితే ఏం? అద్దం పట్టుకుంటే చాలదూ?"

"చిల్లు నింపడం కష్టం కాదమ్మా. పోయింది ఎక్కడుందో తెలియాలి. లోపలే ఉంటే, మీట నొక్కిన మరుక్షణం ఈ పిల్ల చదువు బూడిదే."

నాలుగూ ముప్పావు. టైలరమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. నిదానం చెయ్యి డబ్బా దాకా వెళ్లి ఆగిపోయింది. "చెల్లెమ్మా, అయిదింటికని నోరు జారాను. మాట తప్పినవాణ్ణయినా అవుతాను గానీ, ఇలా మీట మాత్రం నొక్కలేను" అన్నాడు.

ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది. తుడుచుకుంటూ ఆయన్ని ఎగాదిగా చూసింది. కొలతలు తీసే మనిషి, అలా చూడటం ఆమెకి అలవాటే.

"అన్నయ్యా, ఇందాకణ్ణుంచీ నేలా బల్లా వెతుకుతున్నారు గానీ మిమ్మల్ని మీరు వెతుక్కున్నారా? నా సూది పోతే నేను నేల చూడను. ముందు ఒంటి మీది గుడ్డ చూసుకుంటాను. నూటికి తొంభైసార్లు అక్కడే ఉంటుంది. కదలకండి!"

పిల్లవాడికి కొలతలు తీస్తున్నట్టు ఆయన్ని నిలబెట్టింది. మోచేతి దాకా మడిచిన చొక్కా చేతి కింద తన అరచెయ్యి పట్టి, మడతని ఒక్కో చుట్టుగా విప్పింది. రెండో చుట్టులోంచి నల్లటి చుక్క ఒకటి ఆమె అరచేతిలోకి జారింది.

"అమ్మయ్య!" అంది జిరాక్సు పిన్ని, చీపురు గోడకి ఆనించి. "ఇంత సేపూ దొంగని చంకలో పెట్టుకుని ఊరంతా గాలించారన్నమాట!"

నిదానం నవ్వలేదు. ఆ చుక్కని వేలికొసతో తీసుకుని కాగితం మీద దాని చోట పెట్టాడు. పద్నాలుగు. బ్యాటరీ తీగ మళ్లీ తగిలించి, ఒక్కొక్కటే బిగించాడు. కాగితం ఖాళీ అయ్యాక ఊపిరి వదిలి మీట నొక్కాడు.

స్క్రీను వెలిగింది. దాని నిండా ఒక ఫోటో. బట్టల గుట్ట మీద తల వాల్చి, నోరు తెరుచుకుని, టేపు మెడలోనే వేసుకుని నిద్రపోతున్న టైలరమ్మ.

"అయ్యో! ఎప్పుడు తీసిందీ దొంగపిల్ల!" అంటూ ఆమె రెండు చేతులా ముఖం కప్పుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో కాసేపు నిదానానికీ పిన్నికీ తెలియలేదు. "రోజూ ఇదా చూసుకునేది? పైగా నేను గురకే పెట్టనంటాను!"

నిదానం అప్పుడు నవ్వాడు, కళ్లజోడు తీసి తుడుచుకునేంత నవ్వు.

ఆమె అక్కణ్ణుంచే కూతురికి ఫోను చేసింది. "అమ్మడూ, నీ లాప్‌టాప్ నేనే పడేశానే... లేదు లేదు, బాగైపోయింది, వెలుగుతోంది, నా బొమ్మ కూడా చూశాను... అప్పుడే చెప్పాల్సింది, భయమేసింది." అటువైపు ఏమన్నదో గానీ ఆమె ముఖం మెత్తబడింది. ఫోను పెట్టేసి, "నీ కాలి మీద పడలేదు కదా అంటోంది" అంది.

యంత్రాన్ని మళ్లీ దుప్పటిలో చుట్టింది. గుమ్మం దాకా వెళ్లినదల్లా వెనక్కి వచ్చి, భుజం దగ్గర గుచ్చుకున్న సూది తీసి దారం ఎక్కించింది.

"చెయ్యి ఇలా చాపండి. మడతని నాలుగు కుట్లు వేసి మూసేస్తాను. ఇకమీదట ఏదీ దూరదు."

"అమ్మాయి ఎదురు చూస్తుంటుందమ్మా, వెళ్లు."

"ఆరింటిదాకా టైముంది. మీరు కంగారు పడకండి, నిదానంగా నిలబడండి" అంది టైలరమ్మ.