నేను కట్టించిన కూరగాయల సంచి

రిటైరైన బడి అయివారి చేతికి విజిల్ దొరికితే ఊరికే ఉంటాడా? తిరుపతి రైతుబజారులో ఆదివారాలు నేను చేసిన పెత్తనం తలుచుకుంటే ఇప్పటికీ తల కొట్టేసినట్టుంటాది.

పొద్దున నడకకు వచ్చే మేం నలుగురం కలిసి, పక్క కాలనీలో కూలినాలి చేసుకునే ఇండ్లకు వారానికొక చీటీ ఇస్తా ఉంటిమి. అది చూపిస్తే రైతులు తాజా కూరగాయలియ్యాల, దుడ్లు మేం కడతాం. అంతవరకు బాగానే ఉండేది. లైను కదలడం లేదని, కాయలు ముందే సంచుల్లో కట్టి పెట్టండని రైతులకు చెప్పింది నేనే. చీటీ ఇయ్యి, సంచి పట్టు, జరుగు. పక్కన విజిల్ ఊదతా నేను. పోలీసు ఉద్యోగం తప్పిపోయిందే అని నా మీద నాకే జాలి కలిగేది.

అపార్టుమెంట్లలో అంట్లు తోమే ఒకామె ఆ లైన్లో వచ్చేది. కూతురికి ఏడో నెల. ఒంట్లో రక్తం లేదు, ఆకుకూరలు బాగా పెట్టమని ఆస్పత్రిలో చెప్పినారంట. ఇంకేముంది, నేను అందుకున్నాను. ఏ ఆకులో ఏముండాదో అరగంట పాఠం చెప్పినాను. పాపం, పనికి టైమైతా ఉన్నా నిలబడి వినింది.

రెండు వారాలు వచ్చి, మూడో వారం రాలేదు. నాకు ఒళ్లు మండింది. ఊరికే ఇస్తే ఇట్లే ఉంటాదని సణుక్కుంటా, ఆమె సంచి ఎత్తుకుని ఇంటికే పోయినాను. కూతురు గోడకు ఆనుకుని కూర్చోనుండాది. మొగం పాలిపోయి, కండ్ల కింద నల్లగా. రాలేదేమ్మా, బిడ్డ మీద ధ్యాస లేదా అని తల్లిని గట్టిగానే అడిగినాను.

ఆమె నా చేతిలో సంచి తీసుకుని చాప మీద కుమ్మరించింది. పండిపోయిన పాలకూర, ముదిరిన బెండకాయలు, పుచ్చు వంకాయలు.

"నా దుడ్లతో కొంచెమే కొన్నా ఏరుకుంటాను అయివారూ. మీ చీటీ చూపిస్తే చెయ్యి పెట్టనీరు," అనింది. "మీ ఇంట్లో బిడ్డ కడుపుతో ఉంటే ఇది వండిపెడతారా?"

రైతుల్ని అనేదానికి లేదు. ఏరుకునే మనిషి ఎదురుగా లేకపోతే, అడుగున మిగిలిందే సంచిలోకి పోతాది. నాకు సిగ్గేసింది ఇంకొకదానికి. ప్రతి ఆదివారం, విజిల్ నోట్లో పెట్టుకోకముందే, మా ఇంటికి కావాల్సినవి ఒక్కొక్కటే ఏరి పక్కన పెట్టుకునేవాణ్ని నేను.

ఇంటికి పోయి, ఆ పొద్దు నాకోసం తెచ్చుకున్న చిర్రాకు కూర కట్టలు పట్టుకొచ్చి ఆమెకిచ్చినాను. వచ్చే వారం నుంచి సంచులుండవు, నువ్వే ఏరుకోమ్మా అన్నాను. ఆమె కింద కూర్చుని కట్ట విప్పి, ప్రతి ఆకూ తిప్పి చూసి, పురుగు పట్టినవి రెండు తీసి నా కాళ్ల దగ్గర పెట్టింది. మిగిలింది కడిగి పొయ్యి మీద పెట్టింది. నన్ను కూర్చోమని మాత్రం అనలేదు.