మెత్తటి లైనింగు

పంపకాల్లో కొబ్బరితోట తమ్ముడికి, షెడ్డులో తుప్పుపట్టిన నాన్నగారి పాత మోరిస్ కారు నాకు వచ్చాయి. నాన్నగారు తమ్ముడికి డ్రైవింగు నేర్పారు. నన్ను మాత్రం ఎప్పుడూ వెనక సీట్లోనే కూర్చోబెట్టారు. అందుకే డ్రైవింగు నేర్చుకుని, ఆ కారు బాగుచేయించి నేనే నడపాలని పంతం పట్టాను. అరవై దాటాకా అంటే, అవును, దాటాకే.

ఇంజను పలికింది. బ్రేకుల దగ్గర గొడవ మొదలైంది.

"దిండి రిసార్టువాళ్లు గేటు దగ్గర షోకి పెట్టుకుంటామంటున్నారు. నిలబెట్టే కారుకి కొత్త బ్రేకులెందుకక్కా?" అన్నాడు తమ్ముడు.

నాకు ఒళ్లు మండింది. నిలబెట్టడానికైతే షెడ్డులో ఉండగా ఏమొచ్చింది?

మెకానిక్‌ది మండపేట. ధాన్యం లారీలకు అలవాటుపడ్డ చెయ్యి. బ్రేకు షూల మీద, చక్రం డ్రమ్మును ఒరుసుకునే పట్టీగా, లారీలకు వేసే గట్టి లైనింగే బిగించి, "ఆయ్, ఇంక మీ జన్మలో మార్చక్కర్లేదండి," అన్నారు. కాలవ వంతెన దిగుతూ పెడల్ తొక్కితే కారు వింటేనా! రెండు కాళ్లూ మోపి తొక్కాను. రోడ్డు పక్క కొబ్బరి డొక్కల గుట్టలో మూతి దూర్చాక గాని ఆగలేదు.

"ఆడవాళ్ల కాలికి లొంగదక్కా ఇది," అన్నాడు తమ్ముడు, పక్క సీట్లోంచి దిగి చొక్కా మీద పీచు దులుపుకుంటూ.

లొంగకపోవడమేం? లారీకి గాలి బ్రేకుల సాయముంది, ఈ కారుకి నా కాలి బలమే దిక్కు. గట్టి లైనింగు డ్రమ్మును పట్టాలంటే పహిల్వాను తొక్కాలి. మెత్తటిదైతే నా మోకాలు చాలు. అదే వేయమన్నాను.

"తొందరగా అరిగిపోద్దండి," అని మెకానిక్ నసిగారు.

"తను పట్టిన కుందేలుకి మూడే కాళ్లండి, వేసెయ్యండి," అన్నాడు తమ్ముడు.

మొన్న సఖినేటిపల్లి రేవులో ఏరు దాటడానికి కారును పంటు ఎక్కించాను. రేవు ఏటవాలు దిగి పంటు మీదికి వెళ్లాక బ్రేకు పట్టకపోతే కారు గోదాట్లోకే. తమ్ముడు పక్క సీట్లో డాష్‌బోర్డు పట్టుకుని బిగుసుకుపోయాడు. ఒక్క కాలితో మెల్లగా తొక్కాను. పంటు అవతలి అంచు ఇంకా దూరముండగానే కారు ఆగింది. పంటు మనిషి వచ్చి చక్రం కింద చెక్క పెట్టాడు.

తమ్ముడు ఊపిరి వదిలాడు గాని ఓటమి ఒప్పుకోలేదు.

"ఇలా తిప్పితే ఏడాదికి అరిగిపోద్దక్కా," అన్నాడు.

"అరిగితే మళ్లీ మెత్తటిదే వేయిస్తాను," అన్నాను. "అప్పుడూ నువ్వు ఈ పక్క సీట్లోనే కూర్చుందువుగాని."