ఖాళీగా ఉంచిన గడులు

పొద్దున్నే ఆరింటికి రెండు గ్లాసుల టీ పెట్టేదాన్ని. ఆయన గ్లాసు కంప్యూటర్ పక్కన చల్లారిపోయేది, మళ్ళీ వేడిచేసి ఇచ్చేదాన్ని. ఇప్పుడు ఒక్క గ్లాసే. నిలబడే తాగేస్తున్నాను.

మా ఆయన మందులు నిలవ ఉంచే కోల్డ్ స్టోరేజీలో డేటా చూసేవారు. భవనంలో గదులు, గదుల్లో అరలు, అరల్లో పెట్టెలు. ఒక్కోదానికీ కంప్యూటర్లోని టేబుల్లో ఒక వరుస, అందులో ఎంత చల్లదనం ఉండాలో రాసే గడి. చాలా పెట్టెలకి ఆ గడి ఖాళీ. ఎస్‌క్యూఎల్ అనే కంప్యూటర్ భాషలో ఆయన రాసిన క్వెరీ, అంటే టేబుల్ని అడిగే ప్రశ్న, గడి ఖాళీగా కనిపిస్తే ఆ పెట్టె ఉన్న అరని అడుగుతుంది, అదీ ఖాళీ అయితే గదిని. అంకె దొరికిన చోట ఆగుతుంది.

ఐదో తరగతితో ఆపేసిన నా బుర్రకి ఇవి ఎక్కుతాయా అన్నాను ఓసారి. ఆయన నవ్వారు. "అమ్మాయి సినిమాకి వెళ్తానంటే నువ్వేం చేస్తావు? మాట్లాడకుండా నా వైపు చూస్తావు. నేను మా అమ్మ వైపు చూస్తాను. ఆవిడ చెప్పిందే ముగ్గురి మాట. ఇదీ అంతే."

ఆయన పోయిన ఇరవయ్యో రోజు, ఆయన దగ్గర పని నేర్చుకున్న పిల్ల వచ్చింది. అడిగి అడిగి ఊపిరాడనివ్వదని దాన్ని ప్రశ్నలపిల్ల అనేవారు. ఆ రోజు మాత్రం ప్రశ్నలు నేనే అడగాల్సొచ్చింది. గుచ్చి గుచ్చి అడిగితే చెప్పింది. కొత్త మేనేజరు ఆ ఖాళీలు చూసి, పెద్దాయన పని సగంలో వదిలేశారు అన్నాడట. సాయంత్రంలోగా ప్రతి పెట్టెకీ దాని అర నుంచో గది నుంచో ఇప్పుడు వస్తున్న అంకె నింపేయమన్నాడట.

ముప్పై ఏళ్ళు ఒళ్ళు దాచుకోకుండా చేసిన మనిషికి చివరికి ఈ పేరా?

"రేపు గది అంకె మారిస్తే, నింపేసిన పెట్టెకి ఎలా తెలుస్తుందే తల్లీ?" అన్నాను.

"మీకెలా తట్టింది ఆంటీ?"

"మా అత్తగారు ఉన్నన్నాళ్ళూ ఆవిడ మాట మారిస్తే మా మాటా మారేది. మేం ముందే ఎవరి మాట వాళ్ళం చెప్పేసుంటే మారేదా?"

పిల్ల అక్కడే భోజనాల బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచింది. అసలుది ముట్టుకోకుండా టేబుల్‌కి రెండు నకళ్ళు తీసి, ఒకదాన్ని ఖాళీలతోనే ఉంచి, రెండోదాన్ని నింపింది. రెండింట్లోనూ ఒక గది అంకె ఎనిమిది డిగ్రీల నుంచి ఐదుకి మార్చింది. ఖాళీలున్న నకల్లో రెండొందల పెట్టెలు ఐదుకి వచ్చాయి. నింపినదాంట్లో ఒక్కటీ కదల్లేదు. అదే నిజంగా జరిగుంటే, ఐదులో ఉండాల్సిన మందులన్నీ ఎనిమిదిలోనే ఉండిపోయి పాడయ్యేవంది.

మేనేజరుకి ఫోన్ చేసి చెప్పింది. ఇది ఎవరు పట్టుకున్నారని అడిగాడట.

"సార్ ఇంట్లో వాళ్ళు" అంది.

నింపొద్దులే, ఆ ఖాళీలు అలాగే వదిలేయమన్నాడట. పెద్దాయన్ని అనకుండా ఉండాల్సింది అని కూడా అన్నాడట. నింపాల్సినవి మూడు వేల పైచిలుకు గడులు. ఒక్కటీ నింపకుండా ల్యాప్‌టాప్ మూసేసింది.