కొవ్వును తిట్టనివ్వని మేడమ్

మా మేడమ్ ఎదుట ఎవరినైనా తిట్టొచ్చు. ఆవిణ్ణి తిట్టినా నవ్వేస్తారు. కొవ్వును మాత్రం తిట్టకూడదు.

కణాల మీద పరిశోధన చేసే మా ల్యాబుకు ఆవిడే పెద్ద. మనిషి గాలేస్తే ఎగిరిపోయేంత సన్నం. నేను చేరిన కొత్తలో, పక్క ల్యాబువాళ్ళు మా ఐసు బకెట్టు అడక్కుండా పట్టుకెళ్ళారని ఒళ్ళు మండి, "వాళ్ళకి బాగా కొవ్వెక్కింది మేడమ్!" అన్నాను.

"ఎక్కడెక్కింది?" అన్నారు కళ్ళద్దాలు సర్దుకుంటూ.

"అంటే... పొగరు మేడమ్."

"పొగరుకి కొవ్వేం చేసిందయ్యా, పాపం? పొగరు ఉండేది మెదడులో."

మెదడులో కూడా బోలెడంత కొవ్వుంటుందని నోటిదాకా వచ్చింది గానీ, మింగేశాను.

ఒకరోజు నన్ను మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టారు. "ఏం కనిపిస్తోంది?"

"మెరిసే బుడగలు. ఒక్కో కణంలో ద్రాక్షగుత్తిలా ఉన్నాయి."

"అవి నూనె చుక్కలు. మొన్నటిదాకా ఇవన్నీ రెండుగా చీలడం తప్ప ఇంకేం తెలియని లేత కణాలు. ఇప్పుడు పక్క పళ్ళెం చూడు."

అందులో బుడగల్లేవు.

"ఇందులో ఒక్క ప్రొటీన్ తీసేశాం. కణం ఎప్పుడు చీలాలో చెప్పే ప్రొటీన్. దానికి అదొక్కటే పని అనుకున్నాం. తీరా చూస్తే, జన్యువుల దగ్గరికెళ్ళి కొవ్వుకు కావలసినవాటిని నిద్రలేపేదీ అదే! గేటు కాపలావాడనుకున్నవాడు లోపల పొయ్యి కూడా వెలిగిస్తున్నాడన్నమాట."

"అయితే అది లేకపోతే కొవ్వే పట్టదు. హాయి కదా మేడమ్!"

అన్నాక నాలిక్కరుచుకున్నాను.

"హాయా? దాచుకునే కణం లేకపోతే ఆ కొవ్వంతా వెళ్ళి కాలేయంలో కూర్చుంటుంది. అప్పుడు తెలుస్తుంది హాయి!" నా టీ చల్లారి నీళ్ళయ్యేదాకా వదల్లేదు.

ఆ సంగతి కనిపెట్టింది మా ల్యాబులో అందరికన్నా సీనియరు. మేమంతా అక్కా అని పిలుస్తాం. భారీ మనిషి. నలుగురి ముందుకు రావాలంటే బెదురు. తన ఫలితాలు కూడా పక్కవాళ్ళ చేత చెప్పించేది. ఈసారి పెద్ద సభ ఉందనగానే మేడమ్ పట్టుబట్టారు. "కనిపెట్టింది నువ్వు. చెప్పేదీ నువ్వే."

అక్క వేదిక మెట్లెక్కుతోంది. ముందు వరసలో ఒక పెద్దాయన పక్కాయనతో, హాలంతా వినపడేలా అన్నాడు: "కొవ్వు గురించి చెప్పడానికి నమూనా కూడా తెచ్చారే!"

కొందరు నవ్వారు. అక్క మైకు ముందు బిగుసుకుపోయింది.

మేడమ్ లేచారు.

"సార్, మీ కంటిగుడ్డు వెనక మెత్త వేసినట్టున్నది ఏమిటో తెలుసా? కొవ్వు. అది లేకపోతే మీ కళ్ళు గుంటల్లోకి పోయేవి. మీ మడమల కింద ఉన్నదీ కొవ్వే. లేకపోతే ఇక్కడిదాకా కుంటుకుంటూ వచ్చేవారు. ఇక మీ మూత్రపిండాల సంగతికొస్తే..."

ఆయన కుర్చీలో కిందికి జారిపోయాడు. మేడమ్ ఆగితేనా! ఆపాదమస్తకం ఆయన్ని విప్పి చూపిస్తున్నారు. హాలంతా పొట్ట పట్టుకుని నవ్వుతోంది.

ఈలోగా అక్క నీళ్ళు తాగింది, ఊపిరి కూడదీసుకుంది. "మేడమ్, ఇక కూర్చోండి. మూత్రపిండాల తర్వాత వంతు నాది," అంది మైకులో.

బుడగల్లేని పళ్ళెం బొమ్మ తెర మీద పడగానే అందరూ కుర్చీల్లో ముందుకు వంగారు. ఆ తర్వాత మొదలైన ప్రశ్నలు టీ వేళయినా ఆగలేదు.

బయట టీ బల్ల దగ్గర మేడమ్ పక్కనే వాళ్ళాయన నిలబడి ఉన్నారు.

"ఇంట్లో కూడా ఇంతేనా సార్? కొవ్వు మీద ఈగ వాలనివ్వరా?" అని అడిగాను.

"ఇంట్లోనా! నా రొట్టె మీద వెన్నే వాలనివ్వదయ్యా!"

నేను మేడమ్ వైపు తిరిగాను. ఆవిడ దొరికిపోయిన దొంగలా అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించారు.

"మీ అక్క ల్యాబులో చేరినప్పుడు క్యాంటీన్లో తనని చూసి నవ్వేవాళ్ళు. నేనిలా కొవ్వును వెనకేసుకురావడం మొదలెట్టాక, నన్ను చూసి నవ్వుతున్నారు. నాకేం, నవ్వనీ."

అంతలో అక్క మొహం వెలిగిపోతూ వచ్చింది. "ఏంటి మేడమ్, గుసగుసలు?"

"ఏం లేదమ్మా, ఈయన దొంగతనంగా వెన్న తిన్నారు," అన్నారు మేడమ్ తడుముకోకుండా.

పాపం, ఆయన చేతిలో ఖాళీ కప్పు తప్ప ఏమీ లేదు. అయినా తప్పు చేసినవాడిలా తలొంచుకుని, మూతి తుడుచుకున్నారు.