కోడి కూయని మధ్యాహ్నం

రేకుల ఫ్యాక్టరీ మేడగదిలో కంప్యూటరు చూసే ఆయన, రోజూ పొద్దున్నే దాన్ని ముట్టుకునే ముందు కిటికీ తలుపు తోసి, కింద రేకులు వంచే ప్రెస్సుల వైపు ఒక్క కేక పెట్టేవాడు: "చేతులు తియ్యండర్రా!" అందరూ చేతులెత్తి చూపేదాకా మీట నొక్కేవాడు కాదు. మధ్యలో ఆగిన ప్రెస్సును మళ్లీ నడిపేటప్పుడూ అంతే. కోడి కూసింది, ఇక తెల్లారినట్టే అని కింద నవ్వుకునేవారు. అలా ఆయనకు కోడి అన్న పేరు స్థిరపడిపోయింది.

ప్రెస్సులను నడిపే ప్రోగ్రాము తరచూ మొరాయించేది. దాని రోగాలూ మందులూ కోడికే తెలుసు. ఆ తెలివంతా కంప్యూటరుకే నేర్పమన్నాడు యజమాని. ఇలా అయితే ఇది చెయ్యి, అలా అయితే అది చెయ్యి అంటూ కోడి తనకు తెలిసిన ప్రతి నియమమూ ఎక్కించాడు. ఆనాటి నుంచి ప్రోగ్రాము ఆగితే కంప్యూటరే కారణం పట్టి, తనంతట తానే మళ్లీ నడిపించేది. కేక మాత్రం ఎక్కించలేదు. అది వట్టి అలవాటనుకున్నాడే గాని, తన విద్యలో భాగమని తోచలేదు.

ఒక మధ్యాహ్నం ప్రెస్సు సగంలో ఆగింది. ఇరుక్కున్న రేకు లాగడానికి అక్కడే పనిచేసే కోడి అక్క మొగుడు లోపల చెయ్యి పెట్టాడు. కేక వినబడందే ప్రెస్సు కదలదని ఆ బావకు ఏళ్లనాటి నమ్మకం. కంప్యూటరు కారణం పట్టింది, సరిచేసింది, నడిపింది. ఎముకలు పటపటమన్నాయి. నెత్తురు పక్క మనిషి ముఖాన చిమ్మింది. ఆ పక్క మనిషే చొక్కా విప్పి మొండిచేతికి చుట్టి, ఆసుపత్రి దాకా గుండెకు హత్తుకుని కూర్చున్నాడు. దేవుడు అతణ్ణి చల్లగా చూడాలి.

బావ తమ్ముడు ఇనుపకడ్డీతో మెట్లెక్కాడు. మొదటి దెబ్బకు కంప్యూటరు పగిలింది, రెండో దెబ్బకు కోడి దవడ. తర్వాత భుజం, పక్కటెముకలు. "మా అన్న చెయ్యి తిన్నది అదా, నువ్వా?" అంటూ కొడుతూనే ఉన్నాడు. కోడి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. అక్క వచ్చి కోడి మీద అడ్డంగా పడితే, ఆవిడ వీపూ చిట్లాక గాని కడ్డీ ఆగలేదు.

ఆసుపత్రిలో బావాబావమరుదులకు పక్కపక్క మంచాలే దొరికాయి. బావ గోడవైపు తిరిగి పడుకున్నాడు. పగిలింది కంప్యూటరు పెట్టేగా, నియమాలు భద్రంగానే ఉన్నాయి, కొత్తదాంట్లో అవే ఎక్కించి ప్రెస్సులు నడిపిస్తామని యజమాని కబురు పంపాడు. అది విని బావ ఇటు తిరిగాడు.

"ఏరా కోడీ, మళ్లీ ఎవడి చెయ్యిరా ఈసారి?"

కోడి కట్టుకట్టిన దవడతోనే కూడబలుక్కుంటూ అన్నాడు.

"కేక సంగతి చెప్పి ఆపిస్తాను బావా. కానీ అలాంటివి ఇంకెన్ని చేస్తున్నానో నాకే తెలీదు. ఇన్నేళ్లూ కిందనుంచి నన్ను చూసినవాడివి నువ్వు. లేచాక నా పక్కన కూర్చుని, నేనేం చేస్తానో నాకు చెప్పవా?"