బుగ్గ లోపలి పొర

మాది ధవళేశ్వరంలో చిన్న మాంసం కొట్టు. మావారు పోయాక కత్తి నేనే పట్టాను. మా అమ్మాయి సుజాత రాజమండ్రిలో ఎం.ఫార్మసీ చదివేది. అమ్మ ఏం చేస్తుందని స్నేహితులు అడిగితే "షాపు ఉంది" అని ఊరుకునేదట. నాకు తెలిసినా ఏమీ అనలేదు.

చివరి ఏడాది ప్రాజెక్టుకి, మింగలేని రోగుల కోసం బుగ్గ లోపల అంటించే మందుబిళ్ల తయారుచేసింది. మందు బుగ్గ పొరలోంచి నేరుగా రక్తంలో కలుస్తుందట. ముందుగా దాన్ని మేక బుగ్గ పొర మీద పరీక్షించాలి. బయట ఎవరు కోసిచ్చినా పొర చిరిగి ఫలితాలు తప్పొచ్చేవి. గడువు దగ్గరపడింది.

"అమ్మా, నువ్వు తీసిస్తావా?" అని ఒకరోజు నెమ్మదిగా అడిగింది. అప్పటినుంచి రోజూ ఉల్లిపొరలాంటి ఆ పొరని చిరగకుండా తీసి, ఐసు డబ్బాలో పెట్టి పంపాను.

వైవా రోజు పరీక్ష చేసి చూపించాలంటే, డబ్బా నేనే తీసుకెళ్లి గుమ్మం దగ్గర నిలబడ్డాను. పరీక్షించడానికి వచ్చిన ప్రొఫెసరుగారు పొరని వెలుతురులో పెట్టి చూసి, "ఇంత శుభ్రంగా ఎవరు తీశారమ్మా?" అన్నారు. సుజాత గుమ్మం వైపు చూసింది. నావల్ల దాని పరువు పోతుందేమోనని వెనక్కి తిరిగాను.

"మా అమ్మండి. మాకు మాంసం కొట్టుందండి. అదిగోండి, గుమ్మం దగ్గరున్నారు," అంది, తోటి పిల్లలందరూ వింటుండగా.

ఆయన లేచొచ్చి, "మీ చేతిపని గొప్పదండి," అంటూ నాకు నమస్కారం పెట్టారు.

ఆ నమస్కారం కన్నా, నలుగురిలో నా కూతురు "మా అమ్మండి" అన్న మాటే నాకు ఇప్పటికీ ఎక్కువ.

– సత్యవతి, ధవళేశ్వరం