పెంకుల వంతెన నిట్రాళ్లు

దయ్యాలున్నాయంటే నేనెన్నడూ నమ్మలేదు. సర్కారు కొలువులో ఉన్నన్నాళ్లూ వంతెనలు కొలిచాను, రోజూ డైరీ రాశాను. కళ్లతో చూడనిది అందులో ఎక్కించలేదు. ఇది ఆ డైరీ ముందు పెట్టుకునే రాస్తున్నాను.

తెలంగాణ వచ్చిన ఏడాది రిటైరై, కోస్గి దగ్గరి మా ఊరికి చేరాను. మా వాగు మీద నడిచి దాటడానికి ఒక కర్ర వంతెన ఉంది, పైన పెంకుల కప్పుతో. పాతబడి మూతపడింది. వానాకాలం లోపు నిలబెట్టకపోతే తీసేసి తూములు వేస్తామని పంచాయతీ వాళ్లన్నారు. మరమ్మతు పని నన్ను చూసుకోమన్నారు. వడ్రంగి యాకూబ్.

ఆ వంతెన కట్టింది యాకూబ్ తండ్రే. ఆయన సమాధి వాగు అవతల ఉంది. తల్లి ఇమాంబికి చూపు పోయింది, మంచం పట్టింది. ఆ వంతెన మీదుగా ఒక్కసారి ఆయన దగ్గరికి తీసుకుపొమ్మని కొడుకును అడుగుతుండేది.

కప్పును మోసే నిట్రాళ్లు ఇరవై రెండు. ఒక్కోదాని కొన ఒక్కో బెజ్జానికే సరిపోయేలా చెక్కింది. విప్పేముందు ఉలితో గాట్లు పెడతానన్నాడు యాకూబ్. పాత కర్రకు గాయమెందుకని నేనే అడ్డుపడి సుద్దముక్కతో నంబర్లు వేయించాను. విప్పిన సాయంత్రమే అకాల వాన. తెల్లారి చూస్తే డైరీలో నంబర్లున్నాయి, కర్రల మీద లేవు. తప్పు బెజ్జంలో కొడితే ఎండిన కొన చీలిపోతుంది. యాకూబ్ ఆ కర్రల ముందే కూర్చుండిపోయాడు.

మధ్యాహ్నం రెండింటికి అతను లేచాడు. ఒక నిట్రాడు తీసి, కొలవకుండానే, కుడివైపు నాలుగో బెజ్జంలో నిలిపాడు. కూర్చుంది. తర్వాతదీ కూర్చుంది. ఎట్లా తెలుస్తోందని అడిగాను.

"నాకేం తెల్వది సారు. చెయ్యి గట్ల పోతాంది. జర ఊకోండ్రి."

ఊరుకుని రాసుకున్నాను. కణుపున్నది కుడి నాలుగు, మాడిన మచ్చది ఎడమ ఒకటి. అట్లా ఐదున్నరకు ఇరవై ఒకటి నిలిచాయి. అక్కడ అతని చెయ్యి ఆగిపోయింది.

ఇద్దరం వాళ్లింటికి వెళ్లేసరికి అతని భార్య ఆందోళనగా ఎదురొచ్చింది. అత్త రెండింటి నుంచి పలవరిస్తూనే ఉందట.

"కణుపుది కుడికి నాలుగోది, మాడింది ఎడమకు మొదటిది అని ఒకటే చెప్పవట్టె సారు. ఐదున్నరకు నిద్రవోయింది."

వంతెన దగ్గర జరిగింది ఇమాంబికి ఎవరూ చెప్పలేదు. ఇల్లు అక్కడికి కిలోమీటరు దూరం. ఆ పలవరింతల్లో కోడలికి గుర్తున్నవి ఏడు. డైరీతో సరిచూశాను. ఏడూ కలిశాయి, వరుసతో సహా. వంతెన కట్టిననాడు మొగునికి ఒక్కో నిట్రాడు పట్టి అందించింది ఇమాంబేనట. కానీ ఆ ఎరుక వాగు దగ్గరున్న కొడుకు చేతికి ఎట్లా చేరింది?

మిగిలిన ఒక్కదాన్ని మర్నాడు మిగిలిన చోట మేమే పెట్టాం. కొనలు రెండూ ఒక్కతీరుగా ఉంటే, తోచినట్టు నిలబెట్టాం.

పెంకులు పరిచాక ఇమాంబిని కుర్చీలో కూర్చోబెట్టి వంతెన మీదికి మోసుకొచ్చాం. నిట్రాళ్లను ఒక్కొక్కటే తడుముతూ వచ్చింది. ఒక దగ్గర ఆపమంది.

"దీన్ని తలకిందులు పెట్టిన్రు గదరా. నాకు నిద్రవట్టింది, లేకుంటే చెప్పకపోదునా?"

మేం సొంతంగా పెట్టింది అదొక్కటే. ఇప్పుడే తిప్పిస్తానన్నాడు యాకూబ్.

"ఉండనీ బిడ్డా. మీ నాయినకు చెప్పి నవ్విస్త."

సమాధి దగ్గర గంటసేపు కూర్చుంది. మేం దూరంగా నిలబడ్డాం. మాట్లాడుతూ, మధ్యమధ్య ఎవరి జవాబో వింటున్నట్టు ఆగుతూ, ఒకసారి నిజంగానే నవ్వింది. ఆ రోజు పేజీలో ఆ సంగతి కూడా రాశాను. దాని కింద కారణం రాద్దామని వదిలిన జాగా ఇప్పటికీ ఖాళీగానే ఉంది.